మైకు లేని సభలో ఒక సాయంకాలం

గత వారం ముంబయి నుండి మా అమ్మాయి ఫోను చేసింది. సెప్టెంబరులో అక్కడ సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీలు మొదలవుతున్నాయనీ, నన్నూ వాళ్ళ అమ్మనూ వచ్చి పది రోజులుండమనీ చెప్పి, చివర ఒక మాట చేర్చింది. “నాన్నగారూ, ఆ సంగీతం రక్తపోటుకు మంచిదట కదా! ఆ సంగతి మీరు నలుగురికీ రాయండి.”

వస్తామని చెప్పాను. రక్తపోటు మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. నాలుగు దశాబ్దాలు వైద్యవృత్తిలో గడిపినవాణ్ణి. ఏదైనా ‘మంచిదట’ అని వినగానే ఎవరికి, ఎంత, ఎంతకాలం అని అడగడం అలవాటైపోయింది. అందుచేత ఈసారి మీతో మాత్రల గురించి కాక, ఆ కచేరీల గురించీ, వాటిని వినవలసిన చెవి గురించీ మాట్లాడదలచాను.

ముందుగా ఒక పదం సంగతి. మన ఊళ్ళలో ఆర్కెస్ట్రా అనగానే పెళ్ళి రిసెప్షన్‌లోనో జాతరలోనో వేదిక మీద కీబోర్డు, ప్యాడ్లు, ఇద్దరు గాయకులు, ఇరుప్రక్కలా మనిషెత్తు స్పీకరు పెట్టెలు కళ్ళకు కడతాయి. నేను చెబుతున్నది అది కాదు. సింఫనీ ఆర్కెస్ట్రాలో ఎనభై తొంభై మంది వాద్యకారులుంటారు. ముందు వయొలిన్లు, వయోలాలు, సెల్లోలు, డబుల్ బాసులు. వారి వెనుక ఫ్లూటు, ఓబో, క్లారినెట్, బసూన్ వంటి గాలి వాద్యాలు. ఆ వెనుక ఇత్తడి బాకాలు, కొమ్ములు. చిట్టచివర టింపనీ అనే పెద్ద నగారాలు. ఓబో వాద్యకారుడు ఒక్క స్వరం పట్టి నిలిపితే మిగిలినవారందరూ దానికి శ్రుతి చేసుకుంటారు. ఇంతమంది కలిసి వాయించినా, ఆ ధ్వనిని పెంచడానికి వేదిక మీద ఒక్క మైకు ఉండదు. చివరి వరుసలో కూర్చున్న మనిషికి ఆ నాదం చేరవలసినది గోడల సాయంతో, పైకప్పు సాయంతో, పక్కవాడి నిశ్శబ్దం సాయంతో. ఈ ఒక్క సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నానన్నా తప్పులేదు.

ముంబయిలో ఈ కచేరీలు జరిపే సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006లో పుట్టింది. నారిమన్ పాయింట్ కొసన, సముద్రాన్ని పూడ్చిన నేల మీద వెలసిన నేషనల్ సెంటర్ ఫర్ ద పెర్‌ఫార్మింగ్ ఆర్ట్స్ దాని నివాసం. ఆ సంస్థను నడిపిన ఖుష్రూ సంతూక్, కజక్‌స్థాన్‌కు చెందిన వయొలిన్ విద్వాంసుడు మరాత్ బిసెన్‌గలియేవ్ కలిసి దీన్ని నెలకొల్పారు. ఏడాదికి రెండు ఋతువులు: ఒకటి ఫిబ్రవరి ప్రాంతంలో, రెండవది సెప్టెంబరు ప్రాంతంలో. ఇక్కడ స్థిరంగా ఉండే వాద్యకారులు కొందరే. ఋతువు వచ్చేసరికి విదేశాల నుండి, ముఖ్యంగా కజక్‌స్థాన్ నుండి, అతిథి వాద్యకారులు వచ్చి చేరతారు. వారాల తరబడి సాధన, కచేరీ, మళ్ళీ సాధన. సుమారు 1,100 ఆసనాలున్న జమ్‌షెడ్ భాభా థియేటరులో ప్రధాన కచేరీలు జరుగుతాయి. ఆ నగరానికి ఈ సంగీతం కొత్తది కాదు. మెహ్లీ మెహతా 1935లోనే బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపించారు. వారి కుమారుడే ప్రపంచ ప్రసిద్ధ సంచాలకుడు జుబిన్ మెహతా. ఆయన వైద్యవిద్యకు ముందు చదవవలసిన చదువులో చేరి, రెండేళ్ళకు దాన్ని వదిలి వియన్నాకు వెళ్ళిపోయారు. వైద్యానికి నష్టమేమో గాని సంగీతానికి లాభమే.

ఇక మా అమ్మాయి ప్రశ్నకు వస్తాను. ‘సంగీతం మందు’ అనే మాట ఎక్కడిదో తెలుసుకోవడం మంచిది. 1993లో నేచర్ పత్రికలో ఒక చిన్న నివేదిక వెలువడింది. 36 మంది కళాశాల విద్యార్థులకు పది నిమిషాలపాటు మొజార్ట్ రచించిన రెండు పియానోల సొనాటా వినిపించి, కాగితపు మడతలను మనసులో ఊహించుకొని చెప్పవలసిన ఒక పరీక్ష పెట్టారు. వారికి మార్కులు కొంత మెరుగయ్యాయి. ఆ మెరుగుదల పావుగంటలోపే మాయమయింది. అంతే. అందులో పసిబిడ్డలు లేరు, గర్భిణులు లేరు. అయినా ఆ చిన్న నివేదిక నుండి ‘మొజార్ట్ వింటే పిల్లలు మేధావులవుతారు’ అనే పెద్ద వ్యాపారం పుట్టింది. 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు ప్రతి నవజాత శిశువుకూ ఒక శాస్త్రీయ సంగీతపు సీడీ ఇవ్వాలని ప్రతిపాదించాడు కూడా. తరువాత వచ్చిన పరిశోధనలు ఆ ప్రయోజనం మొజార్ట్‌ది కాదనీ, ఏదైనా ఉత్సాహం కలిగించే వినోదం తరువాత మనసు కాసేపు చురుకుగా ఉండటమేననీ తేల్చాయి.

సంగీతానికి వైద్యంలో చోటే లేదని నా అభిప్రాయం కాదు. శస్త్రచికిత్సకు ముందు ఆందోళననూ, తరువాతి నొప్పినీ అది కొంత తగ్గిస్తుందనడానికి ఆధారాలున్నాయి. కాని రక్తపోటుకు వేసుకొనే మాత్ర మానేసి సింఫనీ వినమని ఏ వైద్యుడూ చెప్పడు. అలా చెప్పినవాణ్ణి నమ్మకండి.

ఈ విషయంలో నాకు మిక్కిలి నచ్చిన పరిశోధన ఒకటుంది. ఇటలీలోని పావియాకు చెందిన లూచానో బెర్నార్డీ, ఆయన సహచరులు 2006లో హార్ట్ అనే వైద్య పత్రికలో దాన్ని ప్రచురించారు. 24 మందికి, వారిలో సగం మంది సంగీతజ్ఞులు, ఆరు రకాల సంగీతం వినిపించారు. వాటిలో మన రాగసంగీతమూ ఉంది. లయ వేగం పెరిగితే శ్వాస, గుండె వేగం, రక్తపోటు పెరిగాయి. నిదానిస్తే తగ్గాయి. ఇది ఎవరైనా ఊహించగలిగినదే. ఊహించనిది మరొకటి: మధ్యలో రెండు నిమిషాలు సంగీతం ఆపి మౌనం ఉంచినప్పుడు, ఆ మౌనంలో శ్రోతల గుండె, రక్తపోటు ప్రయోగానికి ముందున్న విశ్రాంతి స్థితికంటె కూడా నెమ్మదించాయి. విశ్రాంతినిచ్చినది ఉత్త నిశ్శబ్దం కాదు, సంగీతం తరువాతి నిశ్శబ్దం.

సింఫనీ సాధారణంగా నాలుగు ఖండాలుగా ఉంటుంది. ఒక ఖండం ముగిసి మరొకటి మొదలయ్యే లోపల ఎవరూ చప్పట్లు కొట్టరు. వెయ్యి మంది ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. మొదటిసారి వెళ్ళినప్పుడు నాకది బడాయిగా తోచింది. మన కచేరీలలో ‘శభాష్’ అనడం, తొడ మీద తాళం వేయడం ఎంత సహజం! ఇక్కడేమిటి ఈ బిర్రబిగుసుకుపోవడం అనుకున్నాను. ఇప్పుడు ఆ కొన్ని క్షణాల కోసమే ఎదురుచూస్తాను.

ఇక చెవి మాట. మన లోపలిచెవిలో నత్తగుల్లవంటి భాగం ఉంటుంది. ఒక్కొక్క చెవిలోని ఆ గుల్లలో సుమారు 15,000 రోమకణాలుంటాయి. కంటి రెటీనాలో కాంతిని గ్రహించే కణాలు కోట్లలో ఉంటే, ప్రపంచంలోని ధ్వని అంతటికీ మనకున్న పెట్టుబడి ఈ పదిహేను వేలు. పక్షులలో, చేపలలో ఈ కణాలు నశిస్తే మళ్ళీ పుడతాయి. మనిషిలో పుట్టవు. పుట్టుకతో వచ్చిన మూలధనాన్ని ఖర్చు చేసుకోవడమే గాని కూడబెట్టడం లేదు. 85 డెసిబెళ్ళ ధ్వనిలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండరాదని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. అక్కడి నుండి ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ సమయం సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు, 100కు చేరేసరికి పావుగంట మాత్రమే.

సెప్టెంబరు అన్నాను గదా. ముంబయిలో ఆ కచేరీలు జరిగే రోజుల చుట్టుపక్కలనే, అక్కడా మన హైదరాబాదులోనూ వినాయక నవరాత్రులు వస్తాయి. నేను ఆస్తికుణ్ణే. మా వీధి పందిరికి చందా ఇస్తాను, ఉండ్రాళ్ళు తింటాను. కాని ప్రాక్టీసులో ఉన్న రోజులలో ఒక నిమజ్జనం మరునాడు నా దగ్గరకు వచ్చిన పంతొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి మరచిపోలేను. రాత్రంతా డీజే బండి వెంట, స్పీకరు పెట్టెకు మూరెడు దూరంలో నాట్యం చేశాడు. తెల్లవారేసరికి దూది కుక్కినట్లు దిబ్బడ, లోపల ఎడతెగని ఈల. చెవి వైద్యుని వద్దకు పంపాను. వారం రోజులలో వినికిడి పరీక్ష దాదాపు మామూలుకు వచ్చింది. ఈల పోలేదు. ఏడాది తరువాత వచ్చినప్పుడు, “పడుకునేటప్పుడు ఫ్యాను గట్టిగా పెట్టుకుంటానండీ, దాని మోతలో ఇది వినబడదు” అన్నాడు. పరీక్ష మామూలుగా ఉన్నంతమాత్రాన చెవి మామూలుగా ఉందనుకోరాదు. పెద్ద ధ్వనికి గురైన ఎలుకలలో, వినికిడి తిరిగి వచ్చిన తరువాత కూడా రోమకణాలకూ నాడులకూ మధ్యనున్న అతుకులు శాశ్వతంగా తెగిపోయి ఉన్నట్లు 2009లో శాస్త్రజ్ఞులు చూపారు.

మన దేశంలో చట్టం లేక కాదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు దాటరాదు. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడుస్పీకరు నిషిద్ధం. రాష్ట్రాలు ఏటా కొద్ది పండుగ రోజులకు ఇచ్చే సడలింపు కూడా అర్ధరాత్రి వరకే. ఆసుపత్రి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు కూడా. నియమం కాగితం మీద ఉంటుంది, పెట్టె బండి మీద ఉంటుంది. 12 నుండి 35 ఏళ్ళ లోపువారిలో వంద కోట్లకు పైగా యువత వినోదపు హోరు వలన వినికిడి కోల్పోయే ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇందులో ఊరేగింపు డీజే ఒక భాగం. చెవిలో దూర్చుకొనే ఇయర్‌ఫోను మరొక భాగం, బహుశా పెద్ద భాగం.

పెద్ద ధ్వనికి అలవాటుపడిన చెవికి చిన్న ధ్వని అక్కరలేకుండా పోతుంది. ఇది రోగం పేరు కాదు, నా అభిప్రాయం. సింఫనీ సభకు మొదటిసారి వెళ్ళినవారు, “ఇంత మెల్లగానా?” అంటారు. పది నిమిషాలు గడిచేసరికి చెవి తనంతట తాను ముందుకు వంగుతుంది. ఒక్క క్లారినెట్ గాలికంటె సన్నగా పలుకుతూంటే బాల్కనీలో ఉన్నవారికి అది వినబడుతుంది. ఆ తరువాత ఎనభై మంది ఒక్కసారిగా లేచినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ జలదరింపు డెసిబెళ్ళ వలన వచ్చినది కాదు, ఆ సన్నని ధ్వనికీ ఈ ఉద్ధృతికీ మధ్యనున్న దూరం వలన వచ్చినది. మన పండుగ స్పీకరులో ఆ దూరం ఉండదు. మొదటి నుండి చివరి వరకు ఒకటే ఎత్తు.

ఈ సందర్భంలో బీథోవెన్‌ను తలచుకోకుండా ఉండలేను. ఇరవయ్యవ పడి చివరనే ఆయనకు వినికిడి తగ్గనారంభించింది. 1801లో తన బాల్యమిత్రుడు వెగెలర్‌కు ఆ సంగతి రహస్యంగా రాశాడు. వెగెలర్ వైద్యుడు. నాటకశాలలో నటుల మాటలు అర్థం కావాలంటే ఆర్కెస్ట్రాకు బాగా దగ్గరగా కూర్చోవలసి వస్తున్నదనీ, కొంచెం దూరమైతే వాద్యాల పై స్వరాలు వినబడటం లేదనీ అందులోని సారాంశం. ఏ వైద్యుడు చదివినా గుర్తుపట్టగల లక్షణాలివి: ముందు పై స్వరాలు పోతాయి, తరువాత మాటలోని హల్లులు పోతాయి. మరుసటి ఏడాది హైలిగెన్‌ష్టాట్ అనే పల్లెలో తమ్ముళ్ళకు రాసి పంపకుండా దాచుకున్న లేఖలో, పక్కనున్నవాడు దూరాన వేణువు విని, తాను వినలేకపోయినప్పటి అవమానాన్ని చెప్పుకున్నాడు. 1824 మే 7న వియన్నాలో తొమ్మిదవ సింఫనీ తొలిసారి మ్రోగినప్పుడు ఆయన వేదిక మీదనే ఉన్నాడు. చప్పట్లు వినబడలేదు. గాయని కరొలీనె ఉంగర్ ఆయనను సభ వైపు త్రిప్పితే, కొడుతున్న చేతులను చూశాడు.

నా అనుభవం అంత గొప్పది కాదు. అయినా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఆ ముంబయి సభలోనే బ్రామ్స్ నాలుగవ సింఫనీ విన్నాము. మూడవ ఖండంలో ట్రయాంగిల్ అనే చిన్న ఉక్కు త్రికోణాన్ని మోగిస్తారు. బయటకు వచ్చాక మా శ్రీమతి, “ఆ గంట ఎంత ముద్దుగా పలికిందండీ!” అన్నది. ఏ గంట అని అడిగాను. ఆమె నా ముఖం వంక చూసి ఊరుకుంది. ఆ వాద్యకారుడి చేయి కదలడం నేను చూశాను. మ్రోత మాత్రం నాకు చేరలేదు. ఊరికి తిరిగి రాగానే వినికిడి పరీక్ష చేయించుకుంటే, గీత 2,000 హెర్ట్‌జ్‌ల వరకు బాగానే సాగి, అక్కడి నుండి కొండచరియలా దిగిపోయింది. ఎందరో రోగులకు, “వయసు కదండీ, యంత్రం పెట్టుకోండి” అని తేలికగా చెప్పిన నేను, ఆ యంత్రం కొనడానికి పదినెలలు తాత్సారం చేశాను. డిమెన్షియా నివారణపై లాన్సెట్ సంఘం 2024లో ఇచ్చిన నివేదిక, మనం సరిదిద్దుకోగల 14 కారణాలలో వినికిడి లోపాన్ని ముందు వరుసలో నిలిపింది. అది నాకు తెలియదా? తెలుసు. తెలియడం వేరు, సొంత చెవికి ఒప్పుకోవడం వేరు.

బ్రామ్స్ పేరు వచ్చింది గనుక ఒక్క మాట. ఆయన ఆప్తమిత్రుడు థియొడోర్ బిల్‌రోత్, 1881లో వియన్నాలో జీర్ణాశయంలో క్యాన్సరు సోకిన భాగాన్ని కోసి తీసి రోగిని బ్రతికించిన శస్త్రవైద్యుడు. మేము విద్యార్థులుగా బట్టీపట్టిన బిల్‌రోత్ ఒకటి, బిల్‌రోత్ రెండు అనే ఆపరేషన్లు ఆయన పేరుతోనే. బ్రామ్స్ తన రెండు తంత్రీ చతుష్టయాలను ఆయనకు అంకితమిచ్చాడు. ఆ పేరు ఆపరేషను థియేటరులోనే గాక కచేరీ పత్రం మీద కూడా కనిపించవచ్చునని మాకు పాఠం చెప్పిన ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.

మనం ఆనందించే ఈ సంగీతానికి వాద్యకారులు చెల్లించే మూల్యమూ ఉంది. మైకు లేదన్నాను గాని, ఇత్తడి బాకాలకు ముందు కూర్చున్నవారికి మైకు అక్కరలేదు. లండనులో 2012లో వాగ్నర్ సంగీతనాటకపు సాధనలో ఒక వయోలా వాద్యకారుడు పద్దెనిమిది మంది ఇత్తడి వాద్యకారులకు సరిగ్గా ముందు కూర్చున్నాడు. అప్పటి ధ్వని శిఖరాలు 130 డెసిబెళ్ళు దాటాయి. చెవి దెబ్బతిని ఆయన వృత్తినే వదలుకోవలసి వచ్చింది. 2018లో ఆంగ్ల హైకోర్టు ఆయన పక్షాన తీర్పునిచ్చింది. కళ గొప్పదైనంతమాత్రాన కార్మికుని చెవిని కాపాడే చట్టానికి మినహాయింపు లేదని దాని సారం. మన బ్యాండుమేళం వారికి, డప్పు కళాకారులకు, సినిమా పాటల ఆర్కెస్ట్రాలలో డ్రమ్ముల పక్కన రాత్రుళ్ళు గడిపేవారికి ఈ తీర్పు సంగతి ఎవరు చెబుతారు? మీ ఇంటి పెళ్ళికి బ్యాండు మాట్లాడినప్పుడు, వారికి చెవిలో పెట్టుకొనే ప్లగ్గులు ఒక్కొక్క జత కొనివ్వండి. పెళ్ళి ఖర్చులో అది లెక్కలోకి రాదు.

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. పొడిదగ్గు ఉంటే బిళ్ళ కాగితాన్ని సంగీతం మొదలుకాకముందే విప్పి ఉంచుకోండి. ఆ నిశ్శబ్దంలో కాగితపు చప్పుడు టింపనీ అంత వినబడుతుంది. నీరు పోయే మాత్ర వేసుకొనేవారు దాన్ని ఉదయమే వేసుకోవాలి. విరామం ఇరవై నిమిషాలే, మరుగుదొడ్డి ముందు వరుస పెద్దది. ఏసీ చలికి శాలువా మంచిది. వినికిడి యంత్రం పెట్టుకున్నవారు ముందుగానే మీ ఆడియాలజిస్టును అడిగి అందులో సంగీతానికి వేరే అమరిక పెట్టించుకోండి. మాటల కోసం అమర్చిన యంత్రం వయొలిన్‌ను రొదగా భావించి తొక్కేస్తుంది. నేను ఆ పాట్లు పడ్డాను.

అందరూ ముంబయి వెళ్ళలేరని నాకు తెలుసు. వయొలిన్ మనకు పరాయిది కాదు. విజయనగరపు ద్వారం వెంకటస్వామినాయుడుగారు దాన్ని మన ఇంటి వాద్యంగా నిలిపినవారు. నా ఫిర్యాదంతా మన నేటి సభల మీద. నూరుమంది పట్టని గదిలో కూడా వీణకు మైకు, మృదంగానికి రెండు మైకులు, వాటిని పెంచమని కళాకారుని సైగలు. ముందు వరుసలో కూర్చున్న వృద్ధులు చెవిలో దూది పెట్టుకోవడం కళ్ళారా చూశాను. వీణ నాదం అంత చిన్న గదికి చాలదా? చాలకపోతే మనం నోరు మూసుకొని కూర్చోలేమా? మా ఊరి సంగీత సభవారిని నెలకు ఒక్క కచేరీ, ఒక్కటంటే ఒక్కటి, మైకు లేకుండా పెట్టమని రెండేళ్ళుగా అడుగుతున్నాను. “జనం రారు డాక్టరుగారూ” అంటున్నారు. మీరు మీ ఊళ్ళో అడిగి చూడండి. ఎక్కడైనా ఒప్పుకుంటే నాకు కబురు చేయండి, బస్సెక్కి వస్తాను.

సెప్టెంబరులో మాత్రం ముంబయిలో ఉంటాము. ఈసారి కుడి చెవికి కొత్త యంత్రం ఉంది. ట్రయాంగిల్ మోగిస్తే మోచేత్తో పొడవమని మా శ్రీమతికి ఇప్పుడే చెప్పి ఉంచాను.